చదువుటకు మాత్రమే

వ్యాపార కుటుంబాలలో పుట్టి పెరిగిన మన విద్యార్థులకు చిట్టా అంటే ఏమిటో, ఆవర్జా అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. నంద్యాల బియ్యపు మిల్లులో గాని, ఆళ్ళగడ్డ బజారు దుకాణంలో గాని పగలు జరిగిన ప్రతి లావాదేవీ, జరిగిన వరుసలోనే, ముందుగా చిట్టాలో పడుతుంది. ఉర్దూ విభాగపు మిత్రులు ఆ పుస్తకాన్నే రోజ్‌నామ్‌చా అంటారు. పొద్దు గూకిన తర్వాత గుమాస్తా కూర్చుండి, ఒక్కొక్క పద్దును అది ఎవరి ఖాతాకు చెందినదో చూచి ఆవర్జాకు ఎక్కిస్తాడు. చిట్టాలో పడి ఇంకా ఆవర్జాకు ఎక్కని పద్దు పోయినట్టు కాదు, ఎక్కవలసి ఉన్నదన్నమాట. వాణిజ్యశాస్త్రం చదివేవారికి మొదటి సంవత్సరంలోనే ఈ పాఠం వస్తుంది.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. గుమాస్తా సగం పద్దులు ఎక్కించి జ్వరంతో ఇంటికి వెళ్ళాడనుకుందాము. మరునాటి ఉదయం భాగస్వామి ఒకరు వచ్చి, "ఆవర్జా ఇటివ్వండి, చదువుకొని ఇస్తాను, కలం కూడా ముట్టను" అన్నాడు. పుస్తకాన్ని ఉన్నదున్నట్లు ఇవ్వవలెనా? ఇస్తే ఆయన చదివే నిలువలు తప్పుగా ఉంటాయి. లేక మిగిలిన పద్దులను గబగబా ఎక్కించి ఇవ్వవలెనా? అట్లా ఇస్తే లెక్క కుదురుతుంది గాని, ఆయన అడిగిన పుస్తకం ఆయన చేతికి వచ్చేలోపలే మారిపోయింది. పైగా ఆ సంగతి ఆయనకు తెలియదు.

మా కంప్యూటరు ప్రయోగశాలలో ఈ ప్రశ్న నిజంగానే ఎదురైంది. రెండవ సమాధానాన్ని యంత్రం తనంతట తానే ఎన్నుకొన్నది. దానివలన ఇద్దరు మనుషుల నడుమ తీరవలసిన తగవు మరింత ముదిరింది. ఆ ఉదంతం చెప్పి, దానిపై మా అభిప్రాయాన్ని కమిటీ పెద్దల ముందు, విద్యార్థి మిత్రుల ముందు ఉంచదలచాము. తప్పులో మా పాలు ఉన్నది. దానిని దాచుకొనే ఉద్దేశం మాకు లేదు.

ఆళ్ళగడ్డ శిల్పులకు పేరుపొందిన ఊరు. దేవతా విగ్రహాలు, నాయకుల విగ్రహాలు అక్కడ రూపుదిద్దుకొని దూరప్రాంతాలకు వెళ్తాయి. అటువంటి శిల్పశాల ఒకదానిని ఇద్దరు భాగస్వాములు చాలా కాలంగా నడుపుతూ వచ్చారు. వారి పేర్లు ఇక్కడ అనవసరం. బయానాల లెక్క, రాతి కొనుగోలు, కూలీల పద్దులు, విగ్రహాల నమూనా బొమ్మలు, అన్నీ ఒకే కంప్యూటరులో ఉండేవి. ఖర్చు లేకుండా పని జరగాలని ఎవరో కుర్రవాడు దానిలో లినక్స్ వేసిపెట్టాడు. ఒక సాయంకాలం పని మధ్యలో కరెంటు పోయి యంత్రం ఉన్నపళంగా ఆగిపోయింది. ఆ సాయంకాలమే, కరెంటు పోవడానికి కొంచెం ముందు, కొన్ని బయానా పద్దులను రెండవవారు చెరిపివేశారని మొదటివారి ఆరోపణ. తాము కీబోర్డు ముట్టనే లేదని రెండవవారి వాదం. కోర్టు మెట్లు ఎక్కకముందే ఊరి పెద్దలు కూర్చుండి, ఆ యంత్రాన్ని మరల ఆన్ చేయకుండా డిస్కును ఊడదీసి, ఏ పక్షానికీ చెందనిచోట ఉంచాలని తీర్మానించారు. అట్లా అది శిరివెళ్ళ మీదుగా దాదాపు 40 కిలోమీటర్ల దారి వచ్చి నంద్యాలలో మా బీరువాకు చేరింది.

అమానత్‌గా వచ్చిన వస్తువు గదా అని మేమూ జాగ్రత్తపడ్డాము. ఇరుపక్షాల ఎదుట డిస్కు మొత్తానికి ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో హాష్ తీశాము. హాష్ అంటే డిస్కులోని మొదటి బిట్టు నుండి చివరి బిట్టు వరకు చదివి లెక్కకట్టిన 64 అక్షరాల గుర్తు. లోపల ఎక్కడో ఒక్క బిట్టు మారినా గుర్తు మొత్తం మారిపోతుంది. వేలిముద్ర వంటిదని చెబితే పెద్దలకు వెంటనే అర్థమైంది. ఆ 64 అక్షరాలను కాగితంపై చేతితో వ్రాసి, భాగస్వాములిద్దరి చేత సంతకాలు చేయించి, కవరులో పెట్టి లక్క ముద్ర వేశాము. ఇంతవరకు మా నడత సవ్యమే.

మరుసటి వారం, పెద్దలు కూర్చునే రోజుకు ముందు, పద్దుల ఫైలు ఏ మూల ఉన్నదో చూచి ఉంచుకుంటే ఆనాడు తడుముకోనవసరం ఉండదు గదా అని మాకు తోచింది. డిస్కును ప్రయోగశాల యంత్రానికి తగిలించి, చదువుటకు మాత్రమే అన్న ఆజ్ఞతో, అనగా ఆర్‌ఓ అనే ఐచ్ఛికంతో మౌంటు చేశాము. మౌంటు చేయడమంటే డిస్కులోని ఫైల్ సిస్టమ్‌ను యంత్రం తన చెట్టులో ఒక కొమ్మగా తగిలించుకొనడం. ఒక్క ఫైలును మార్చలేదు, ఒక్క పేరు చెరపలేదు. చూచి, విప్పి, మరల బీరువాలో పెట్టాము. పెద్దలు కూర్చున్ననాడు అందరి ఎదుట హాష్ మరల తీశాము. కాగితంపై ఉన్నది ఒకటి, తెరపై వచ్చినది మరొకటి.

గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత భాగస్వాములలో పెద్దవారు, జీవితమంతా ఉలి పట్టిన మనిషి, నెమ్మదిగా అడిగారు: "సారూ, చూసినాము అంటాండారు. రాయిని చూస్తే రాయి మారదు కదా. చూస్తే మారేది ఏంది సారూ ఇది?"

మా వద్ద అప్పటికి సమాధానం లేదు. ఏదో పొరపాటై ఉంటుందని గొణిగాము. ఆ గొణుగుడు విన్న రెండవవారి ముఖంలోని అనుమానాన్ని మేము ఇప్పటికీ మరువలేదు.

ఆ రాత్రి మా యంత్రపు కెర్నెల్ సందేశాలను వెనుకకు తిప్పి చూడగా సమాధానం దొరికింది. యంత్రం మా వద్ద ఏమీ దాచలేదు, మేమే చదవలేదు. చదువుటకు మాత్రమే తెరచిన ఈ ఫైల్ సిస్టమ్‌కు పునరుద్ధరణ అవసరమని ఒక వరుస. పునరుద్ధరణ జరిగేంతవరకు వ్రాసే అధికారం ఇవ్వబడుతుందని దాని కింది వరుస. ఆ తర్వాత, అనాథ ఐనోడ్లు రెండు తొలగించబడినవని ఇంకొక వరుస. చివరికి పునరుద్ధరణ పూర్తి అని. మాకు పచ్చిగా చెప్పినట్టే ఉన్నది: మీరు చదువుకొనడానికి అడిగారు, మేము ముందు వ్రాసి, తుడిచి, తర్వాత ఇచ్చాము.

దీని లోతు విద్యార్థులు తెలుసుకొనవలసినది గనుక కొంత వివరిస్తాము. ఒక ఫైలుకు నాలుగు మాటలు చేర్చడం మనకు ఒకే పని, డిస్కుకు మాత్రం అది పలు పనుల కలయిక. ఖాళీ చోటు ఎక్కడున్నదో చూపే పటం మారాలి. ఫైలు పొడవు, కాలం, దాని ముక్కలు ఉన్న తావులు నమోదై ఉండే ఐనోడు మారాలి. కొత్త ఫైలయితే డైరెక్టరీలో పేరు చేరాలి. ఈ పనుల నడుమ కరెంటు పోతే పేరు ఉండి ఐనోడు లేకపోవచ్చు, ఒకే చోటు ఇద్దరికి ఇచ్చినట్టు ఉండవచ్చు. ఈఎక్స్‌టీ2 కాలంలో అటువంటి పతనం తర్వాత ఎఫ్‌ఎస్‌సీకే అనే తనిఖీ కార్యక్రమం డిస్కునంతా మూలమూలలా గాలించి సరిచేసేది. డిస్కులు పెద్దవైన కొద్దీ ఆ గాలింపుకు గంటలు పట్టసాగింది. దీనికి చిట్టా పద్ధతిని లినక్స్‌కు అనువుగా మలచినవారు స్టీఫెన్ ట్వీడీ. 1998లో ఆయన ఆ ఆలోచనను ఒక పత్రంలో వివరించారు. అది ఈఎక్స్‌టీ3 అనే పేరుతో 2001 నవంబరులో 2.4.15 కెర్నెల్‌లో చేరింది. దాని వారసుడైన ఈఎక్స్‌టీ4 2008 డిసెంబరులో 2.6.28 కెర్నెల్‌తో నిలకడకు వచ్చింది. శిల్పశాల డిస్కు ఈఎక్స్‌టీ4దే.

ఈ పద్ధతిలో మారవలసిన వివరాలన్నీ ఒక కట్టగా ముందు చిట్టాలో పడతాయి. కట్ట చివర ఒప్పుదల ముద్ర పడుతుంది. ఆ తర్వాతనే, తీరిక చిక్కినప్పుడు, ఒక్కొక్కటి తన అసలు చోటికి చేరుతుంది. ప్రత్యేకంగా చెప్పకపోతే 5 సెకండ్లకొకసారి కట్ట కడుతుంది. కరెంటు పోయిన డిస్కును తరువాత మౌంటు చేసినప్పుడు కెర్నెల్ ఆ చిట్టాను మూడుమార్లు చదువుతుంది. మొదటిమారు చిట్టా ఎక్కడ ముగిసిందో చూడడానికి, రెండవమారు రద్దయిన పద్దులను గుర్తించడానికి, మూడవమారు మిగిలినవాటిని అసలు చోట్లకు ఎక్కించడానికి. ఒప్పుదల ముద్ర లేని సగం కట్టను వదలివేస్తుంది. మా గుమాస్తాల కన్నా చక్కని క్రమశిక్షణ. ఇందులో తప్పుపట్టవలసినది ఏమీ లేదు, ఈ పని ఎవరి అనుమతితో జరిగిందన్నది తప్ప.

అనాథ ఐనోడ్ల సంగతి ఇంకా సున్నితమైనది. ఒక ప్రోగ్రాము తెరచి ఉంచిన ఫైలును చెరిపితే దాని పేరు మాత్రం పోతుంది. ప్రోగ్రాము చేయి వదిలేవరకు ఫైలు బ్రతికే ఉంటుంది. ఆ నడుమ కరెంటు పోయినదంటే, పేరు లేని ఆ ఫైలు డిస్కులో అట్లే మిగిలి, అనాథల పట్టికలో ఎక్కి ఉంటుంది. తరువాతి మౌంటులో కెర్నెల్ ఆ పట్టిక చూచి ఫైలును నిజంగా తొలగిస్తుంది. దాని ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిపే ఐనోడులోని వివరం చెరిగిపోతుంది. చదువుటకు మాత్రమే అని మౌంటు చేసినప్పుడు కూడా ఈఎక్స్‌టీ4 ఈ శుభ్రత చేస్తుంది.

ఇప్పుడు మా తగవు తలచుకోండి. కరెంటు పోయే క్షణానికి ముందు ఎవరేమి చెరిపారన్నదే ప్రశ్న. సరిగా ఆ క్షణంలో చెరిగి, ఇంకా చావక మిగిలిన ఫైళ్ళు రెండు ఆ డిస్కులో ఉన్నాయి. ఆ రెండింటినీ మేము తుడిచాము. అవి పద్దుల ప్రోగ్రాము వాడుకొని పారవేసే తాత్కాలిక ఫైళ్ళు అయి ఉండవచ్చు. మా నమ్మకమూ అదే. చిట్టాలో మిగిలిన పాత ప్రతులను తవ్వి చూచాము గాని, గట్టిగా చెప్పగలిగిన ఆధారం చేతికి రాలేదు. న్యాయం అడగవచ్చిన మనిషితో "అయి ఉండవచ్చు" అనడం ఎంత తేలికో, ఆ మాట వినడం అంత కష్టం.

ఇంత చదివినవారు ముందుగా పరీక్షించి చూచుకోలేదా అని విద్యార్థులు అడుగుతారు. పరీక్షించాము. అదే మమ్మల్ని మోసగించింది. ఒక పాత డిస్కును తీసుకొని, హాష్ తీసి, చదువుటకు మాత్రమే మౌంటు చేసి, విప్పి, మరల హాష్ తీశాము. అక్షరం మారలేదు. కారణం ఏమంటే ఆ డిస్కును మేము పద్ధతిగా మూసి ఉంచాము. పద్ధతిగా మూసిన ఫైల్ సిస్టమ్‌లో ఎక్కించవలసిన పద్దులు మిగలవు, అనాథలు మిగలరు, గనుక వ్రాయవలసిన పని రాదు. ఆరోగ్యవంతునిపై మందును పరీక్షించి రోగికి ఇచ్చినట్లయింది మా వ్యవహారం. ప్రయోగశాలలో మనం చేసే పరీక్షలు చాలావరకు ఇట్లే ఉంటాయేమోనని అప్పటినుండి మాకు ఒక దిగులు పట్టుకొన్నది. ఈ వ్యాసానికి అది వేరే విషయం.

కెర్నెల్ రచయితల పక్షాన చెప్పవలసిన మాటలు ఉన్నాయి, వాటిని మేము మింగివేయము. లినక్స్ యంత్రం మేలుకొనేటప్పుడు తన మూల ఫైల్ సిస్టమ్‌ను మొదట చదువుటకు మాత్రమే తెరచి, తనిఖీ అయిన తర్వాత వ్రాయుటకు మార్చుకొనడం పాత ఆచారం. కరెంటు పోయి లేచిన యంత్రం చిట్టాను ఎక్కించకుండా చదవడం మొదలుపెడితే సగం ఎక్కిన ఆవర్జాను నమ్ముకొని నడిచినట్లే. తీరిగ్గా తర్వాత ఎక్కిద్దామంటే, అప్పటికే జ్ఞాపకంలోకి తెచ్చుకొన్న పాత పుటలకూ డిస్కుపై మారిన పుటలకూ పొంతన కుదరదు. అందుచేత మొదటి అడుగులోనే ఎక్కించివేయడం న్యాయమే. అది తన సొంత డిస్కు, తన సొంత చిట్టా. ఇంటి యజమాని తన లెక్క తాను పూర్తిచేసుకుంటే అడిగేవారెవరు?

మా అభ్యంతరం పరాయి డిస్కు విషయంలోనే. చదువుటకు మాత్రమే అన్న మాటకు కెర్నెల్ చెప్పుకొనే అర్థం "వినియోగదారుల చేత వ్రాయించను" అని. వినేవాడు గ్రహించే అర్థం "ఈ డిస్కు మారదు" అని. ఈ రెండు అర్థాల మధ్య ఉన్న సందులోనే మా ఆళ్ళగడ్డ పెద్దమనిషి ప్రశ్న ఇరుక్కున్నది. మౌంటు ఆజ్ఞ గూర్చిన కైపుస్తకంలో హెచ్చరిక ఉన్న మాట నిజమే. ఈఎక్స్‌టీ3, ఈఎక్స్‌టీ4లు సవ్యంగా మూయబడని పక్షంలో చిట్టాను ఎక్కిస్తాయని, వద్దనుకుంటే నోలోడ్ అనే ఐచ్ఛికం చేర్చాలని, లేదా పరికరాన్నే వ్రాతకు మూసివేయాలని అందులో ఉన్నది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు నోరికవరీ అనే ఐచ్ఛికం ఉన్నది. అయితే, తలుపుపై "నిశ్శబ్దం" అని పెద్దక్షరాలతో వ్రాసి, మెట్ల కింద చిన్నక్షరాలతో "గంట కొట్టబడును" అని వ్రాస్తే అది హెచ్చరిక అనిపించుకుంటుందా? పుస్తకం చదవని తప్పు మాది. పేరు పెట్టిన తప్పు మాది కాదు.

వేరే దారి లేకనా అంటే ఉన్నది. 2009లో వచ్చిన నెట్‌బీఎస్‌డీ 5.0లోని చిట్టా పద్ధతిలో, చదువుటకు మాత్రమే మౌంటు చేసినప్పుడు చిట్టాను డిస్కుపై ఎక్కించరు. ఎక్కించవలసిన పద్దులను జ్ఞాపకంలో ఉంచుకొని, ఆ పుట చదవవలసి వచ్చినప్పుడు ఆవర్జాలోని పాత పుటకు బదులు చిట్టాలోని కొత్త పుటను అందిస్తారు. తెలివిగల గుమాస్తా రెండు పుస్తకాలూ ఒళ్ళో పెట్టుకొని, కలం ముట్టకుండా, "చిట్టాతో కలుపుకొని నిలువ ఇంత" అని నోటితో చెప్పినట్లు. అడిగినవానికి సరియైన లెక్కా దక్కింది, పుస్తకమూ మారలేదు. లినక్స్ వారు ఈ మార్గం ఎన్నుకొనకపోయినా, కనీసం చిట్టా మిగిలి ఉన్న పరాయి డిస్కును చదువుటకు మాత్రమే అడిగినప్పుడు, "వ్రాయవలసి ఉన్నది, సమ్మతమేనా" అని ఆగి అడగడం మర్యాద అని మా అభిప్రాయం. పరికరాన్నే వ్రాతకు మూసివేసి ఇస్తే ఈఎక్స్‌టీ4 అట్లాగే చేస్తుంది. వ్రాయడానికి వీలులేదు గనుక ముందుకు సాగలేనని, నోలోడ్‌తో ప్రయత్నించమని చెప్పి నిలిచిపోతుంది. ఆ నిరాకరణే మాకు నిజాయితీగల జవాబుగా కనిపిస్తుంది.

అయితే నోలోడ్‌ను మంత్రంగా జపించేవారిని కూడా మేము సమర్థించలేము. చిట్టా ఎక్కించకుండా చూచిన ఫైల్ సిస్టమ్ సగం ఎక్కిన ఆవర్జా. అందులో పద్దు కనపడకపోతే, చెరిపారనీ చెప్పలేము, ఎక్కలేదనీ చెప్పలేము. చిట్టాలో భద్రంగా ఉన్న బయానాను "లేదు" అని పెద్దల ముందు ప్రకటిస్తే, మారిన హాష్ కన్నా అది పెద్ద అన్యాయమవుతుంది. ఎక్కిస్తే సాక్ష్యం మారుతుంది, ఎక్కించకపోతే సాక్ష్యం పూర్తిగా పలకదు. ఈ రెండింటిలో ఒకదానిని ఎన్నుకోవలసి వస్తున్నదంటే మనం అసలు డిస్కు ముందు కూర్చున్నామన్నమాట. అక్కడ కూర్చోవడమే మొదటి తప్పు.

అసలు డిస్కును వ్రాతను అడ్డగించే పరికరం ద్వారా మాత్రమే యంత్రానికి తగిలించాలి. ఫైల్ సిస్టమ్ ఊసెత్తకుండా, మొదటి బిట్టు నుండి చివరి వరకు నకలు తీయాలి. అసలుకూ నకలుకూ హాష్ సరిపోల్చి, అసలును బీరువాలో పెట్టి తాళం వేయాలి. ఆ నకలు నుండి ఇంకొక నకలు తీసి, దానిపై చిట్టాను నిస్సంకోచంగా ఎక్కించుకోవచ్చు. అది పోయినా, చెడినా, మరల తీసుకోవచ్చు. ఎక్కించినదానిలో పద్దులు చూడండి, ఎక్కించనిదానిలో చిట్టాను, అనాథలను చూడండి. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పరచి, "కరెంటు పోయేనాటికి ఇది, యంత్రం సర్దుకున్న తర్వాత ఇది" అని పెద్దలకు చూపవచ్చు. శిల్పశాల తగవులో మేము ఇది చేసి ఉంటే ఆ రెండు అనాథలు ఈనాడు మాట్లాడేవి.

సాఫ్ట్‌వేరుతో పరికరాన్ని మూయవచ్చు గదా, బ్లాక్‌డెవ్ అనే ఆజ్ఞ ఉన్నది గదా అని మా సహాధ్యాపకులే అన్నారు. ఉన్నది, మంచిదే. కాని డిస్కు తగిలించిన క్షణానికీ ఆ ఆజ్ఞ టైపు చేసే క్షణానికీ మధ్య ఏమి జరుగుతుంది? నేటి డెస్క్‌టాపు యంత్రాలు కొత్త డిస్కు కనపడగానే అత్యుత్సాహంతో తామే మౌంటు చేసివేస్తాయి, అదీ వ్రాయుటకు. అతిథికి నీళ్ళిచ్చే లోపలే ఆయన పెట్టె విప్పి సర్దిపెట్టే పనివానివంటి ఉత్సాహం అది. తీగకూ డిస్కుకూ మధ్య నిలిచే అడ్డుగోడకు అట్టి తొందర ఉండదు.

ఇదంతా ప్రయోగశాల చాదస్తమని, చిన్న ఊళ్ళలో 64 అక్షరాలు ఎవరు సరిచూస్తారని అనేవారున్నారు. చట్టం అట్లా అనడం లేదు. సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చినప్పుడే సాక్ష్య చట్టంలో 65బి విభాగం చేరి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం కావాలన్నది. సుప్రీం కోర్టు 2014లో అన్వర్ కేసులోనూ, 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులోనూ ఆ ధ్రువపత్రం ఎంత తప్పనిసరో చెప్పింది. 2024 జూలై 1 నుండి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చింది. దాని 63వ విభాగం కింద ఇచ్చే ధ్రువపత్రపు నమూనాలోనే హాష్ విలువ వ్రాయవలసిన చోటు ఉన్నది, ఏ పద్ధతిలో తీశారో గుర్తుపెట్టవలసిన గడులు ఉన్నాయి. పత్రంలో సంబంధిత పక్షం నింపవలసిన భాగం ఒకటి, నిపుణుడు నింపవలసిన భాగం ఒకటి. నంద్యాల జిల్లా ఏర్పడిన 2022 ఏప్రిల్ 4 తర్వాత ఇక్కడి కార్యాలయాలు పెరిగాయి, తగవులూ పెరుగుతాయి. ఆ నిపుణుని గడిలో సంతకం చేయవలసినవారు ఎక్కడినుండో ఊడిపడరు. ఇప్పుడు మా ప్రయోగశాల బల్లల వద్ద కూర్చున్నవారిలోనుండే వస్తారు.

కోర్టు దాకా పోని ప్రమాదాలూ ఉన్నాయి. మన విద్యార్థులు పలువురు చదువు ముగియకముందే మరమ్మతు దుకాణాలలో పనికి కుదురుతున్నారు. వారికి రెండు సంగతులు చెప్పాలి. మొదటిది, నిద్రాణస్థితిలో ఉంచిన లినక్స్ యంత్రం. అది తన జ్ఞాపకాన్నంతా డిస్కుపై దింపి నిద్రపోయింది. దాని డిస్కును మీరు వేరొక యంత్రంలో చదువుటకే మౌంటు చేసినా చిట్టా ఎక్కిపోతుంది. తర్వాత అది నిద్రలేచి, డిస్కు తాను విడిచినట్లే ఉన్నదనే నమ్మకంతో పాత జ్ఞాపకాలను కొత్త పుటలపై వ్రాస్తుంది. ఫైల్ సిస్టమ్ చిందరవందర అవుతుంది. రెండవది, ఒకదానికొకటి ప్రతిబింబంగా ఉంచిన జంట డిస్కుల పెట్టె. ఒకదానిని ఊడదీసి "ఊరికే చూచి" మరల గుచ్చితే, ఆ చూపులో అది తన జంటతో విడిపోయి ఉండవచ్చు, పెట్టెకు ఆ సంగతి తెలియకనే పోవచ్చు. గిరాకీదారు ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్లు, దుకాణపు లెక్కలు ఆ డిస్కులలో ఉంటాయి. దుకాణంవాని మాటను నమ్మి ఇచ్చిన వస్తువులవి.

మన కళాశాలలోనే అటువంటి జంట డిస్కుల పెట్టె ఒకటి ఉన్నది. పాత వార్షిక సంచికల స్కానులు, ఉర్దూవీ తెలుగువీ, అందులోనే ఉన్నాయి. వేసవిలో కరెంటు పోయినప్పుడు అది ఎన్నిమార్లు ఉన్నపళంగా ఆగిందో ఎవరూ వ్రాసిపెట్టలేదు. దానిలోనుండి ఒక డిస్కును తీసి చూద్దామన్న సలహా ఇటీవలి సమావేశంలో వచ్చింది. దయచేసి వద్దని మా మనవి.

కమిటీ పెద్దలను మేము అడిగేది పెద్ద కోరిక కాదు. వ్రాతను అడ్డగించే పరికరం ఒకటి, నకళ్ళు దించుకొనడానికి పెద్ద డిస్కులు రెండు, ఆ జంట డిస్కుల పెట్టెకు కరెంటు పోయినా పద్ధతిగా మూతపడే వ్యవధినిచ్చే యూపీఎస్ ఒకటి, బయటి వస్తువు ఏది వచ్చినా ఎవరు తెచ్చారో, ఏ స్థితిలో తెచ్చారో, హాష్ ఎంతో, ఎవరు ముట్టారో వ్రాయడానికి ఒక రిజిస్టరు. రిజిస్టరు మాత్రం మేమే కొని మొదలుపెట్టాము. ఇకపై ఏ డిస్కునైనా నకలు తీయకముందు మౌంటు చేసినవారు, అధ్యాపకులైనా సరే, ఆ మాట తమ చేతితో అందులో వ్రాయాలని మాలో మేము ఒప్పందం చేసుకున్నాము.

శిల్పశాల తగవు చివరికి డిస్కుతో తీరలేదు. పెద్దలు దానిని పక్కన పెట్టి, బయానా ఇచ్చినవారి వద్దనున్న కాగితపు రసీదులు తెప్పించి, వాటిని బట్టి లెక్క తేల్చారు. దానికి నెలలు పట్టింది, రసీదులు దొరకని పద్దులను ఇరువురూ చెరిసగం భరించారు. ఆ సర్దుబాటు న్యాయమైనదో కాదో మేము చెప్పలేని స్థితికి మమ్మల్ని మేమే తెచ్చుకున్నాము. హాష్ మారిన కారణాన్ని, చిట్టా, ఆవర్జా మాటలతోనే, ఇద్దరికీ విప్పి చెప్పాము. మారిన కొత్త 64 అక్షరాలను పాతవాటి కిందనే వ్రాసి, ఈ కారణం మాకు తెలిసిందని సంతకం చేయవలసిందిగా కోరాము. పెద్దవారు కాగితాన్ని చాలాసేపు చూచి, "మీరు చెప్పింది అర్థమైనాది సారూ" అని చేశారు. రెండవవారు చేయలేదు. ఆ కాగితం ఇప్పుడు రిజిస్టరు మొదటి పుటకు అంటించి ఉన్నది. మొదటి అంకె కింద రెండు సంతకాలు, రెండవ అంకె కింద ఒకటి.